అన్నదమ్ముల చోటు

పెళ్ళి ఇంకా పదకొండు రోజులుంది. మేజర్ సింగ్ ఇంటి వరండాలో ఆడవాళ్ళు నులక మంచాల మీద కూర్చుని వంటకు శనగపప్పు ఏరుతున్నారు. మధ్యలో ఎనభై దాటిన బేబే, అంటే మేజర్ సింగ్ తల్లి, వేళ్ళు మడుస్తూ పెళ్ళి పనులు ఎవరెవరివో పంచుతోంది. గడపలో నూనె పోసేది తల్లి. ఎర్ర గాజులు తొడిగేది మేనమామ. దీపాల కుండ నెత్తిన పెట్టుకుని ఊరంతా తిరిగి ఆడేది మేనమామ భార్య. ఆవిడకు ఒళ్ళు ఎక్కువ కాబట్టి కుండ కంటే ముందు ఆవిడే కింద పడుతుందని ఎవరో అన్నారు. వరండా అంతా నవ్వింది.

ఆ తరవాత బేబే వేలు ఒకచోట ఆగింది. నాలుగు కొసలూ పట్టి, పట్టుదారంతో పూలు కుట్టిన ఫుల్కారీ దుప్పటి నీడలో పెళ్ళికూతుర్ని గురుద్వారాకు తీసుకెళ్ళేది అన్నదమ్ములు. గురువుగా కొలిచే గ్రంథ్ సాహిబ్ చుట్టూ ఆమె నాలుగుసార్లు తిరిగేటప్పుడు నాలుగు పక్కలా నిలబడి, వీపు మీద చేయి ఆనించి, ఒకరి దగ్గర్నుంచి ఒకరి దగ్గరికి ఆమెను సాగనంపేది అన్నదమ్ములు. కారెక్కాక వెనక నుంచి తోసేది కూడా వాళ్ళే. మేజర్ సింగ్‌కు కొడుకులు లేరు. ఇద్దరు కూతుళ్ళు.

"మన పెద్దోడు జాగీర్ పిల్లలున్నారుగా. వాళ్ళు నిలబడతారు," అంది బేబే. అందరూ తలలూపి మళ్ళీ పప్పులో పడ్డారు.

దీన్లో తప్పేముందని పాఠకులు అడగవచ్చు. అన్న లేనివాళ్ళకు పెదనాన్న కొడుకు అన్న కావడం ఏ దేశంలోనైనా ఉన్నదే. తప్పు ఉన్నట్టు ఆ వరండాలో కూడా ఎవరికీ అనిపించలేదు. అందుకే ఈ కథ చెప్పవలసి వచ్చింది.

మేజర్ సింగ్ పేరుకే మేజర్. సైన్యం ముఖం చూసినవాడు కాదు, మనిషి కూడా మెత్తన. పద్నాలుగేళ్ళ కిందట గడ్డి కోసే యంత్రంలో కుడి చేయి మణికట్టు దాకా పోయింది. అప్పుడు పెద్ద కూతురు ఛిందర్‌కు పదిహేడేళ్ళు, చిన్నది వీర్‌పాల్ ఎనిమిదేళ్ళ పిల్ల. తండ్రి ఆసుపత్రిలో ఉండగానే గోధుమ నీళ్ళకు వచ్చింది. ఛిందర్ పుస్తకాలు అటక మీద పెట్టి, తలకు తండ్రి గుడ్డ చుట్టుకుని ట్రాక్టరెక్కింది. మళ్ళీ దిగలేదనే చెప్పాలి. ఎనిమిదెకరాలూ ఆమే దున్నింది. ధాన్యం మండీలో మగవాళ్ళ మధ్య కుప్ప పక్కన మంచం వేసుకుని రోజుల తరబడి కాపలా కాసింది. వీర్‌పాల్‌ను పట్నం కాలేజీకి మోటారు సైకిల్ మీద దించి వచ్చింది. తన పెళ్ళి మాట వచ్చినప్పుడల్లా ఈ పంట అయ్యాక చూద్దామనేది. ముప్పై ఒకటి వచ్చింది. అడిగేవాళ్ళు ఊరుకున్నారు.

ఇంకొకటి కూడా చెప్పాలి. మేజర్ సింగ్ అన్న జాగీర్ సింగ్ ఇల్లు పక్కనే. రెండిళ్ళ మధ్య గోడ లేచి పదకొండేళ్ళయింది. చేయి పోయిన తమ్ముడు తన కొడుకు లక్కీని దత్తు చేసుకుని పొలం వాడి చేతిలో పెడతాడని జాగీర్ సింగ్ అనుకున్నాడు. మేజర్ సింగ్ భార్య గుర్మేల్ కౌర్ ఒప్పుకోలేదు. అప్పటి నుంచి చావుకీ పుట్టుకకీ తప్ప మాటల్లేవు.

ఆ జాగీర్ సింగ్, బేబే కబురు అందిన మర్నాడే తెల్లటి తలపాగా కట్టుకుని ఈ ఇంటి గేటు తీసుకుని వచ్చాడు. టీ తాగాడు. మేడ మీద పగుళ్ళు చూసి విచారించాడు. తరవాత అసలు మాటలోకి వచ్చాడు. తన కొడుకులు లక్కీ, ప్రిన్స్ ఇద్దరూ నిలబడతారట, మరో ఇద్దరిని వాళ్ళే తెచ్చుకుంటారట. తమ్ముడి పరువు తన పరువు కాదా అన్నాడు.

"కాకపోతే ఒక్కటి, మేజర్. గురువు ముందర అన్నలై నిలబడ్డవాళ్ళు రేపట్నుంచి కూడా అన్నలే. ఊరు అలాగే చూస్తుంది. నీ పొలం గట్టు మీద నిలబడ్డా ఎవరూ ఎందుకొచ్చారని అడగకూడదు. ఏమంటావు?"

మేజర్ సింగ్ తలూపాడు. కూతురి పెళ్ళిలో అన్నదమ్ముల చోటు ఖాళీగా ఉందని మగపెళ్ళివారి ముందు తల దించుకోవడం అతనికి అన్నిటికంటే పెద్ద భయం. ఆ భయం ముందు పొలం గట్టు చిన్నదిగా కనిపించింది.

ఈ మాట వీర్‌పాల్ చెవిన పడింది. ఆమె తిన్నగా షెడ్డులోకి వెళ్ళింది. అక్క ట్రాక్టరు కింద పడుకుని ఏదో బిగిస్తోంది.

"నా లావాల్లో నువ్వు నిలబడాలి," అంది వీర్‌పాల్. లావాలంటే ఆ నాలుగు ప్రదక్షిణలు.

"పానా అందుకో," అంది ఛిందర్.

"వింటున్నావా లేదా?"

"విన్నాను. ఊరు నవ్వుతుందే."

"నువ్వు ట్రాక్టరెక్కినప్పుడూ నవ్వింది. నవ్వీ నవ్వీ వాళ్ళకే దవడలు నొప్పెట్టి ఊరుకున్నారు."

"ట్రాక్టర్ వేరు, వీరో. అది మన పొలం. అక్కడ గురువు ఎదట, మగవాళ్ళు నిలబడే చోటు. పెళ్ళిలో రభస చేశానన్న పేరు నాకెందుకు? నాన్నకు తలవంపులెందుకు?"

ఆ సాయంత్రం మేజర్ సింగ్ కూడా పెద్ద కూతురి దగ్గరికి వచ్చాడు. ఎడమ చేత్తో గడ్డం నిమురుకుంటూ, గురుద్వారాలో ఆడవాళ్ళ వైపు బేబే పక్కన కూర్చుంటే బేబేకు ఆసరాగా ఉంటుందని నసిగాడు. జాగీర్ పిల్లలు నిలబడుతున్నారు, నీకు తెలుసుగా అన్నాడు. తెలుసు నాన్నా అంది ఛిందర్. అంతే అంది. ఆ రాత్రి రొట్టె తినలేదు. పద్నాలుగేళ్ళు చేసిన చాకిరీకి ఆమె కూలి అడగలేదు, పొగడ్త కూడా అడగలేదు. ఆ ఒక్క ఉదయం చెల్లెలి వీపు మీద చేయి వేసే చోటు తనదే అవుతుందని లోపల్లోపల అనుకుంది. అడగకుండా ఇస్తారనుకుంది. ఇవ్వకపోతే కష్టంగానే ఉంటుంది, ఎవరికైనా.

పెళ్ళికి ముందురోజు మధ్యాహ్నం మేనమామ వాళ్ళు బస్సు నిండా పాటలు పాడుకుంటూ దిగారు. మా వైపు మేనమామ వాళ్ళు వస్తే ఊరి మీద దండయాత్రే. వీధిలో ఎవరి మంచం కనిపిస్తే అది తిరగేస్తారు, ఎదురింటి ముసలాయన్ని తిడుతూ పాట కడతారు, ఆయన తలుపు తీసి ఇంకా గట్టిగా తిట్టమంటాడు. ఇల్లంతా గోలగా ఉంది. పసుపూ శనగపిండీ రాసిన వీర్‌పాల్‌ను పీట మీద కూర్చోబెట్టి అత్తలు ఆట పట్టిస్తున్నారు. ఈ సందడిలో గుర్మేల్ కౌర్ భర్తను గోధుమ బస్తాల గదిలోకి పిలిచి తలుపు వేసింది.

ఆమె ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. పెళ్ళి పనుల్లో ఏ మాటా కాదనలేదు. అన్నదమ్ముల సంగతి విన్నప్పుడూ మాట్లాడలేదు. ఆ రోజు మాత్రం నిలబడే అడిగింది.

"రేపు అక్కడ నిలబడటానికి మన పిల్లలు లేరని నీ బాధ. అంతేనా?"

"కొడుకులు లేరని..."

"పిల్లలు లేరనే చెప్పు. ఛిందర్ తరవాత రెండుసార్లు నన్ను జీపులో పట్నం తీసుకెళ్ళావు. మీ అమ్మ ముందు సీట్లో కూర్చుంది. డాక్టరు మిషను పెట్టి చూసి నీతో ఏదో అన్నాడు. నువ్వు నాతో ఏమీ అనలేదు. సాయంత్రానికి ఒళ్ళు ఖాళీ చేయించుకుని ఇంటికొచ్చాను. రెండుసార్లూ వచ్చి గేదె పాలు పితికాను. మూడోసారి నేను జీపెక్కను పొమ్మన్నాను కాబట్టి వీరో పుట్టింది. పుట్టిన పిల్లకైనా మనశ్శాంతి ఇచ్చారా? వీర్ అంటే తమ్ముడేగా, వాణ్ణి తెస్తుందని వీర్‌పాల్ అని పేరు పెట్టారు. పిల్ల తన కోసం పుట్టలేదని పేరులోనే చెప్పారు."

మేజర్ సింగ్ బస్తా మీద కూర్చుండిపోయాడు. పాతికేళ్ళలో ఈ మాట ఆ ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. జీపు రంగు కూడా అతనికి గుర్తుంది.

"వాళ్ళు బతికుంటే రేపు ఛిందర్ పక్కన ఇంకో ఇద్దరు నిలబడేవాళ్ళు. ఆ చోటు ఖాళీ చేసింది నువ్వూ నేనూ మీ అమ్మా. ఇప్పుడు దాన్ని నింపడానికి గోడ అవతలి నుంచి మనుషుల్ని తెస్తున్నావు. ఉన్న ఒక్కదాన్ని వెనక కూర్చోమంటున్నావు. నీ ఇష్టం. నాకు చెప్పాలనిపించింది, చెప్పాను."

ఆమె తలుపు తీసుకుని వెళ్ళిపోయింది. బయట అత్తలు ఆమె ముఖానికి కూడా పసుపు పూశారు. మేజర్ సింగ్ చాలాసేపు బయటికి రాలేదు. మెత్తని మనుషులు తప్పు తెలిసిన వెంటనే లేచి సరిదిద్దుతారనుకోకూడదు. వాళ్ళకు తెలిసిన పద్ధతి నోరు మూసుకుని కూర్చోవడం.

మర్నాడు పొద్దున మగపెళ్ళివారి బరాత్ వచ్చింది. వరుడు హర్‌కమల్ సింగ్ మోగా వైపు ఒక బడిలో లెక్కల మాస్టారు. గులాబీ తలపాగా, చేతిలో కత్తి, గుర్రం మీద కొంచెం భయంభయంగా కూర్చున్నాడు. మరదళ్ళు గేటు దగ్గర రిబ్బను కట్టి అడ్డగించారు. అటు తండ్రీ ఇటు తండ్రీ, అటు మామా ఇటు మామా దండలు వేసుకుని, ఒకరినొకరు నడుం పట్టి పైకెత్తుకున్నారు. జాగీర్ సింగ్ అందరికంటే ముందు నిలబడి మగపెళ్ళివారికి తన కొడుకుల్ని చూపించాడు, పిల్ల అన్నలని. లక్కీ, ప్రిన్స్ ఒకే రకం కోట్లు వేసుకొచ్చారు. ఫుల్కారీ కొసలు వాళ్ళూ వాళ్ళ స్నేహితులూ పట్టారు. ఆ నీడలో ఎర్రటి దుస్తుల్లో వీర్‌పాల్ నడిచి వచ్చింది. ఛిందర్ బేబే చేయి పట్టుకుని వెనక నడిచింది. ఆమె కూడా ఆ రోజు కొత్త సల్వార్ కమీజు వేసుకుంది, గులాబీ రంగుది. ఆ రంగులో ఆమెను ఊరు మొదటిసారి చూసింది.

గురుద్వారాలో కీర్తన జరుగుతోంది. ఒకవైపు మగవాళ్ళు, ఒకవైపు ఆడవాళ్ళు, అందరూ నేల మీద. గ్రంథ్ సాహిబ్ ముందు వధూవరులు కూర్చున్నారు. జ్ఞాని ముఖ్తియార్ సింగ్ ముప్పై రెండేళ్ళుగా మా ఊరి గ్రంథి, అంటే గురుద్వారాలో గ్రంథం చదివి పెళ్ళిళ్ళు చేయించే పెద్ద. ఆయన లేకుండా ఊళ్ళో ఏ పెళ్ళీ జరగలేదు. వధూవరుల తల్లిదండ్రుల్ని నిలబెట్టి ప్రార్థన చేశాక తండ్రిని పిలిచాడు. మేజర్ సింగ్ ముందుకు వచ్చి, వరుడి భుజం మీది గులాబీ కండువా కొసను ఎడమ చేత్తో తీసి కూతురి చేతిలో పెట్టాడు. పెడుతూ ఏడ్చాడు. ఆ సమయంలో ప్రతి తండ్రీ ఏడుస్తాడు కాబట్టి ఎవరూ వింతగా చూడలేదు.

"అమ్మాయి అన్నదమ్ములు లేచి నిలబడండి," అన్నాడు జ్ఞానీజీ.

లక్కీ, ప్రిన్స్, మరో ఇద్దరు లేచి నాలుగు పక్కలా నిలబడ్డారు. జ్ఞానీజీ మొదటి లావ్ పద్యం చదివాడు. వధూవరులు వంగి నేలకు నుదురు ఆనించారు. హర్‌కమల్ లేచాడు. కండువా బిగుసుకుంది. వీర్‌పాల్ లేవలేదు.

పిల్లకు కళ్ళు తిరిగాయేమోనని ఆడవాళ్ళు కంగారుపడ్డారు. హార్మోనియం మీద వేళ్ళు ఆగాయి. జ్ఞానీజీ ముందుకు వంగి ఏమైందమ్మా అని మెల్లగా అడిగాడు.

"మా అక్క ఇంకా లేవలేదు జ్ఞానీజీ."

గొంతు చిన్నదే. కానీ ఆ హాల్లో మైకు ఉంది, అందరికీ వినిపించింది. హర్‌కమల్ ఒక్క క్షణం ఆమె వంక చూసి, తనూ మళ్ళీ కూర్చున్నాడు. కండువా వదులైంది. పెళ్ళయ్యాక మనిషి ఎలాంటివాడో తెలియడానికి ఏళ్ళు పడుతుందంటారు. వీర్‌పాల్‌కు ఆ పాటికే కొంత తెలిసింది.

జాగీర్ సింగ్ లేచాడు. మర్యాద అనేది ఒకటుంటుందని, సిక్కుల పెళ్ళిలో ఎవరి చోటు వాళ్ళదేనని, ఆడపిల్లలు మారాం చేస్తే పెద్దలు ఊరుకోకూడదని అన్నాడు. మగవాళ్ళ వైపు నుంచి కొన్ని గొంతులు అవునన్నాయి.

జ్ఞానీజీ ఆయన్ని కూర్చోమన్నాడు. "మర్యాద మాట నన్నడుగు జాగీర్ సింగ్, మన మర్యాద నియమాల పుస్తకం ముప్పై ఏళ్ళుగా చదువుతున్నాను. తండ్రి పల్లా, అంటే ఆ కండువా కొస, అందించాలని రాసి ఉంది. నాలుగు లావాలని రాసి ఉంది. అన్నదమ్ములు చుట్టూ నిలబడాలని ఎక్కడా లేదు. వెనకటికి పెళ్ళికూతురు పసిపిల్ల, గుండెల దాకా ముసుగు, దారి కనబడేది కాదు. అందుకని ఎవరో చేయి ఆనించారు. అదే ఆచారమైంది." వీర్‌పాల్ వైపు తిరిగి అన్నాడు: "నీకు ముసుగు లేదమ్మా. కాళ్ళున్నాయి. అసలు ఎవరూ నిలబడక్కర్లేదు. నడువు."

అంతటితో అయిపోయేదే. పెద్దాయన ఇచ్చిన దారి అందరికీ బాగుంది. ఎవరూ ఓడిపోరు.

"నడవగలను," అంది వీర్‌పాల్. "ఇప్పటిదాకా నన్ను నడిపించింది ఎవరో గురువు ముందర ఊరు చూడాలి. అందుకు నిలబడమంటున్నాను. ఆచారానికి కాదు."

ఇప్పుడు అందరూ మేజర్ సింగ్ వంక చూశారు. అతను గోడ పక్కన కూర్చుని ఉన్నాడు. అరచేయి లేని కుడి మణికట్టును ఎడమ చేత్తో పట్టుకుని ఉన్నాడు. లేవడానికి చాలాసేపు పట్టింది. లేచాక ముందు లక్కీ దగ్గరికి వెళ్ళి, నాయనా, శ్రమ తీసుకున్నారు, వెళ్ళి కూర్చోండి అన్నాడు. వాళ్ళు తండ్రి వంక చూసి, దారి తోచక కూర్చున్నారు. మేజర్ సింగ్ ఆడవాళ్ళ వైపు తిరిగాడు.

"ఛిందర్, రా తల్లీ."

ఛిందర్ లేవలేకపోయింది. పక్కనున్నవాళ్ళు భుజం పట్టి లేపారు. ఆమె తలమీది ఓణీ సర్దుకుంటూ, మండీలో ఎవరికీ బెదరని మనిషి, బెదురుతూ నడిచి వచ్చి గ్రంథ్ సాహిబ్ కుడి పక్కన నిలబడింది.

జాగీర్ సింగ్‌కు కోపం ఆగలేదు. "ఒక్కతే నిలబడుతుందా? మిగతా చోట్ల సంగతేంటి మరి? ఖాళీగా ఉంచి నలుగురికీ చూపిస్తావా?"

"ఖాళీగానే ఉండనీ అన్నయ్యా," అన్నాడు మేజర్ సింగ్. "వాటిలో రెండు నేను ఖాళీ చేసినవే. ఛిందర్ తరవాత ఇద్దరు రావాల్సింది. ఆడపిల్లలని తెలిసి నేనే రానివ్వలేదు. ఇంతకాలం నాకు కొడుకుల్లేరని నేను ఏడ్చాను, మీరంతా జాలిపడ్డారు. జాలిపడాల్సింది నామీద కాదు."

తిట్టినవాళ్ళు లేరు, ఓదార్చినవాళ్ళు లేరు. ఆడవాళ్ళ వైపు చాలామంది ఓణీ ముఖం మీదికి లాక్కున్నారు. ఆ జీపు ఒక్క మేజర్ సింగ్ ఇంటికే వచ్చింది కాదు. మా ఊళ్ళో ఏ బడి తరగతిలో చూసినా అబ్బాయిలు ఎక్కువ, అమ్మాయిలు తక్కువ. ఎందుకో అందరికీ తెలుసు, ఎవరూ లెక్కపెట్టరు. బేబే తల దించుకుని కూర్చుంది. గుర్మేల్ కౌర్ మాత్రం తల ఎత్తి భర్తను చూసింది. పాతికేళ్ళ తరవాత అలా చూసింది.

జ్ఞానీజీ మొదటి లావ్ మళ్ళీ చదివాడు. కీర్తన పాడే రాగీలు పాట ఎత్తుకున్నారు. వీర్‌పాల్ వంగి లేచింది. హర్‌కమల్ ముందు, ఆమె వెనక, ఇద్దరి మధ్య గులాబీ కండువా. ఛిందర్ చెల్లెలి వీపు మీద చేయి వేసి ముందుకు పంపింది. పంపాక అవతలి పక్కన అందుకోవడానికి ఎవరూ లేరు. అప్పుడు ఆమె కూడా వెంట నడిచింది. ఆ విధంగా నాలుగు లావాలూ ముగ్గురు తిరిగారు. మా ఊళ్ళో అలాంటి పెళ్ళి అదే మొదలు. నాలుగో లావ్ అయ్యేసరికి హర్‌కమల్ తల్లి లేచి వచ్చి, ముందు కోడలికి కాకుండా ఛిందర్‌కు కళ్ళు తుడిచింది.

ప్రసాదం పంచే ముందు జ్ఞానీజీ రెండు మాటలు చెప్పడం ఆనవాయితీ. ఆలుమగలు కలిసిమెలిసి ఉండాలని, అత్తమామల్ని గౌరవించాలని ప్రతి పెళ్ళిలో చెప్పే మాటలవి, జనం చెప్పులు వెతుక్కుంటూ వింటారు. ఆ రోజు ఆయన మైకు పట్టుకుని ఆ మాటలు ఎత్తుకోలేదు.

"మేజర్ సింగ్ తన తప్పు ఒప్పుకున్నాడు. నా తప్పు కూడా ఉంది," అన్నాడు. "ముప్పై రెండేళ్ళుగా ఈ ఊరి కోడళ్ళు, అత్తలు నా దగ్గరికి వచ్చి కొడుకు పుట్టాలని ప్రార్థన చేయించుకున్నారు. కాదనకుండా చేశాను. ఒక్కరినీ ఎందుకని అడగలేదు. ఆ జీపులు పట్నం వెళ్ళేముందు చాలావరకు ఇక్కడ ఆగి వెళ్ళినవే. పొద్దున నా చేత ప్రార్థన చేయించుకుని, మధ్యాహ్నం ఆ పని చేసి వచ్చారు. నాకు తెలియదనుకోకండి. తెలిసే ఊరుకున్నాను."

ఆయన గ్రంథ్ సాహిబ్ వైపు తిరిగి నమస్కరించాడు.

"ఇవాళ్టితో అది మానేస్తున్నాను. ఈ గురుద్వారాలో కొడుకు కావాలని ప్రార్థన ఇక చేయను. బిడ్డ కావాలని అడగండి, చేస్తాను."